సి భాషా నిర్మాత డెన్నిస్ రిట్చీ

జంషెడ్పురపు ఉక్కు కర్మాగారములలో పనిచేసినవారికి హీటు నంబరు అనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క కొలిమి కరగునుండి పుట్టిన దిమ్మె లన్నింటికిని ఒకే సంఖ్య ఉండును. చూచుటకు రెండు దిమ్మెలు ఒక్కటిగనే కానవచ్చును. రంగును ఒకటే, బరువును ఒకటే. కాని ఒకటి ఇంటి కట్టడమునకు తగిన మెత్తని ఉక్కు, రెండవది బండి స్ప్రింగునకు తగిన గట్టి ఉక్కు కావచ్చును. ఆ సంఖ్య చెరిగిపోయినచో కంటితో చూచి చెప్ప వీలులేదు. తునక తీసి పరీక్షకు పంపవలసినదే.

కంప్యూటరు మెమరీలో సరిగా ఇదే చిక్కు కలదు. అందలి గదులలో నుండునవి సున్నలు, ఒకట్లు మాత్రమే. 65 అను సంఖ్యయు, ఇంగ్లీషు పెద్ద అక్షరము ఏయును అక్కడ ఒకే రూపమున నుండును. గదిలో నున్నది సంఖ్యయో, అక్షరమో, మరియొక గది చిరునామాయో గదిని చూచి చెప్పలేము. ఇది ఫలానా జాతి వస్తువని ఆ గదికి తగిలించు చీటినే ప్రోగ్రాములు వ్రాయువారు టైపు అందురు. ఆ చీటిని ఎంత గట్టిగా అంటింపవలెను? అవసరమైనపుడు పనివాడు దానిని తీసి వేరొకటి అంటించుకొనవచ్చునా? ఈ ప్రశ్నకు తనదైన సమాధానము చెప్పి, ఆ సమాధానముపైననే లోకములోని కంప్యూటర్లలో అధికభాగమును నిలిపినవాడు డెన్నిస్ రిట్చీ. ఆదిత్యపురములో 1960లో ప్రారంభమై నేడు ఎన్.ఐ.టి.గా నున్న కళాశాలలోనేమి, దేశములోని ఇతర కళాశాలలలోనేమి ఇంజనీరింగు చదివిన మన పిల్లలు ఆయన భాషను ఎరుగుదురు. ఆ భాష వెనుకనున్న మనుష్యుని చరిత్ర ఇండ్లలో వినబడుట అరుదు.

డెన్నిస్ మెకాలిస్టర్ రిట్చీ 1941వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందలి బ్రాంక్స్‌విల్ అను ఊరిలో జన్మించెను. తండ్రి ఆలిస్టర్ రిట్చీ టెలిఫోను కంపెనీవారి పరిశోధనాలయమైన బెల్ లాబ్స్ నందు శాస్త్రజ్ఞుడు. టెలిఫోను పిలుపులను ఒక తీగనుండి మరియొక తీగకు మార్చు స్విచ్చి వలయముల శాస్త్రములో ఆయన పేరు గడించినవాడు. ఆ విషయముపై 1951లో వెలువడిన ప్రసిద్ధ గ్రంథకర్తలలో ఒకడు. డెన్నిస్ బాల్యము న్యూజెర్సీలోని సమిట్ అను పట్టణములో గడచెను. తండ్రి పనిచేసిన సంస్థలోనే కుమారుడును చేరుట మన ఉక్కు పట్టణములో ఎంత మామూలో అక్కడను అంతియే. ఆ కుటుంబములోను అట్లే జరిగెను.

హార్వర్డు విశ్వవిద్యాలయములో రిట్చీ భౌతికశాస్త్రము చదివి 1963లో పట్టము పొందెను. పిదప అనువర్తిత గణితములో పరిశోధన సాగించి, 1968 నాటికి సిద్ధాంత వ్యాసమును పూర్తిచేసెను. కాని డాక్టరు పట్టము మాత్రము ఆయనకు రాలేదు. వ్యాసప్రతిని జిల్దు కట్టించి గ్రంథాలయమునకు అప్పగింపవలసిన లాంఛనమును ఆయన నెరవేర్పకపోవుటయే కారణమని ఆయన నెరిగినవారు చెప్పుదురు. జీవితమంతయు ఆయన డాక్టరు రిట్చీ కాకుండగనే గడపెను. ఆ లోపము ఆయనను బాధించిన జాడ ఎచ్చటను లేదు.

1967లో ఆయన న్యూజెర్సీలోని మర్రేహిల్ నందున్న బెల్ లాబ్స్‌లో చేరెను. అప్పుడు ఆ సంస్థ, మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయము, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కలిసి మల్టిక్స్ అను ఒక మహావ్యవస్థను నిర్మించుచుండెను. ఒక్క కంప్యూటరును ఏకకాలమున అనేకులు వాడుకొనునట్లు చేయుట దాని ఉద్దేశము. ఉద్దేశము గొప్పదే, కాని పని ఎడతెగక సాగెను, వ్యయము పెరిగెను. 1969లో బెల్ లాబ్స్ ఆ పనినుండి తప్పుకొనెను. అందులో పనిచేసిన కెన్ థాంప్సన్, రిట్చీ మొదలగువారికి చేతిలో పని లేదు, పెద్ద యంత్రమును లేదు. ఒక మూల పడియున్న పీడీపీ-7 అను చిన్న యంత్రము థాంప్సన్ కంటబడెను. 18 బిట్ల పదములు 8 వేలు మాత్రమే దాని మెమరీ. నేటి చేతిఫోనులో ఒక్క ఫోటోకు చాలని ఆ చోటులో థాంప్సన్ యూనిక్స్ అను వ్యవస్థకు పునాది వేసెను.

ఆ చిన్న చోటునకు తగిన చిన్న భాష కావలసివచ్చెను. ఇంగ్లండు దేశీయుడైన మార్టిన్ రిచర్డ్స్ 1967 ప్రాంతమున నిర్మించిన బీసీపీఎల్ అను భాషను థాంప్సన్ ఇంకను కుదించి బి అని పేరుపెట్టెను. ఈ బి భాషలో చీట్లు లేవు. ప్రతి వస్తువును యంత్రపు ఒక పదమే. దానిని కూడినచో సంఖ్య. దాని వెంట పోయినచో చిరునామా. హీటు నంబర్లు లేని దిమ్మెల దొడ్డి వంటిది అది. ఏ దిమ్మె ఏ ఉక్కో పనివానికి జ్ఞాపకముండవలెను. జ్ఞాపకము తప్పినచో హెచ్చరించువాడు లేడు. దొడ్డి చిన్నది, పనివారు ఇద్దరు ముగ్గురు, అందరును నిపుణులు. కావున పని సాగెను.

1970లో పీడీపీ-11 అను కొత్త యంత్రము వచ్చెను. బి భాష యొక్క బలహీనత అప్పుడు బయటపడెను. పాత యంత్రము పదములను లెక్కించునది; కొత్తది బైట్లను లెక్కించునది. ఒక్క పదములో రెండు బైట్లు, బైటునకు ఒక అక్షరము. బి భాషకు పదము తప్ప వేరేమియు తెలియదు గనుక, ఒక్క అక్షరమును తీయవలెనన్నను పెట్టవలెనన్నను చుట్టుదారి త్రొక్కవలసివచ్చెను. చిరునామాలు కూడ పదముల లెక్కలో నుండుటచే, వాడిన ప్రతిసారియు యంత్రము వాటిని బైట్ల లెక్కలోనికి మార్చుకొనవలెను. దశాంశ సంఖ్యలు 16 బిట్ల పదములో ఇముడవు. గదిలో నున్నది ఏ జాతిదో భాషకు ముందుగా తెలిసియుండవలెనని ఈ మూడు ఇబ్బందులును కలిసి చెప్పినవి.

1971లో రిట్చీ ఈ పనికి పూనుకొనెను. మొదట సంఖ్యకు ఒక చీటి, అక్షరమునకు ఒక చీటి ఏర్పరచెను. పిదప వాటి వరుసలకు, వాటి చిరునామాలకు. ఆ రూపమునకు న్యూ బి అని పేరు. 1972లో ఆ భాష తగినంత మారిపోవుటచే బి తరువాతి అక్షరము చేర్చి దానిని సి అనిరి. భిన్నజాతుల వస్తువులను ఒక్క మూటగా కట్టు స్ట్రక్చరు అను ఏర్పాటు 1973 ఆరంభమునకు సిద్ధమయ్యెను. ఆ వేసవిలో యూనిక్స్ వ్యవస్థ యొక్క గర్భభాగమును సి భాషలో తిరిగి వ్రాసిరి. అంతవరకు అట్టి వ్యవస్థలను చాలవరకు ఆయా యంత్రముల సొంత సంకేతములలోనే వ్రాయుచుండిరి.

రిట్చీ బి భాషలోని దొడ్డికి హీటు నంబర్లు తెచ్చినవాడే గాని, ఉన్న నంబర్లను చెరిపినవాడు కాడు. సి భాష అదుపులేనిదని నిందించువారు ఈ సంగతి మరచుచుందురు. కాని ఆయన తెచ్చిన నంబరు ఉక్కుపై చెక్కినది కాదు, సుద్దతో వ్రాసినది. పనివాడు తలచినచో తుడిచి మరియొకటి వ్రాసుకొనవచ్చును.

సుద్ద ఏల అను ప్రశ్నకు జవాబు ఆయన చేతిలోని పనియందే యున్నది. పీడీపీ-11లో టైపుయంత్రము, డిస్కు మొదలగు పరికరములు కూడ మెమరీలోని కొన్ని చిరునామాలవలెనే కానవచ్చును. ఫలానా సంఖ్యగల గదిలో ఒక అక్షరము వేసినచో అది కాగితముమీద అచ్చుపడును. అనగా యంత్రమును నడుపు ప్రోగ్రాము ఒక వట్టి సంఖ్యను పట్టుకొని, ఇది చిరునామా అని ధైర్యముగా అనగలిగియుండవలెను. ఆ కాలముననే స్విట్జర్లాండులో నిక్లాస్ విర్త్ నిర్మించిన పాస్కల్ భాష అట్టి చనువును అంగీకరింపదు. విద్యార్థులకు నేర్పుటకు ఆ కాఠిన్యము మేలైనది. యంత్రపు కడుపులో చేయిపెట్టువానికి అది సంకెల. రిట్చీ వద్దనున్న యంత్రపు మెమరీ మొత్తము 24 వేల బైట్లు. అడుగడుగునను తనిఖీ చేయు ఏర్పాటు పెట్టినచో అసలు పనికి చోటు మిగులదు. కనుక తెలిసినవాని చేతిని ఆపరాదని ఆయన నిశ్చయించెను.

ఇదే సందర్భమున ఆయన చేసిన మరియొక నిశ్చయము చిన్నదిగా కానవచ్చి చాల దూరము పోయినది. వరుసగా నున్న గదుల సముదాయమునకు పెట్టిన పేరును ప్రోగ్రాములో వాడగానే అది మొదటి గది చిరునామాగా మారిపోవును. ఎంతో పొదుపైన పద్ధతి అది. కాని ఆ చిరునామాతోపాటు వరుసలో ఎన్ని గదులున్నవో చెప్పు సంఖ్య ప్రయాణము చేయదు. వీధి మొదటి ఇంటి నంబరు చెప్పి, వీధి ఎక్కడ ముగియునో చెప్పకుండ జవానును పంపినట్లు.

యూనిక్స్ మర్రేహిల్ గడప దాటుటకు ఒక చట్టపు కారణము తోడ్పడెను. 1956లో ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి టెలిఫోను కంపెనీ కంప్యూటరు వ్యాపారము చేయరాదు. కావున అది విశ్వవిద్యాలయములకు యూనిక్స్‌ను స్వల్ప రుసుముతో ఇచ్చెను. దానితో సి భాషయు పోయెను. 1978లో బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి రిట్చీ ప్రకటించిన పుస్తకము చిన్నదే, 228 పుటలు. పాఠభాగములో హెచ్చుపాలు కెర్నిగన్‌ది; భాషా నిబంధనలను చెప్పిన చివరి భాగము రిట్చీది. ప్రపంచమంతట ఆ పుస్తకమునకు రచయితల ఇంటిపేర్ల మొదటి అక్షరములే పేరైనవి. భారతదేశమున దాని చౌక ముద్రణ విద్యార్థుల సంచులలో నలిగినంతగా మరి యే సాంకేతిక గ్రంథమును నలిగియుండదనిన అతిశయోక్తి కొంచెమే.

ఆ పుస్తకము వెలువడు కాలముననే సుద్ద గీతల నష్టము రిట్చీకి ప్రత్యక్షమయ్యెను. 1977 ప్రాంతమున ఆయన, థాంప్సన్, స్టీవ్ జాన్సన్ కలిసి యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 8/32 అను వేరొక జాతి యంత్రమునకు తరలించిరి. పీడీపీ-11 మీద సంఖ్యయు చిరునామాయు ఒకే కొలత గలవి; బుద్ధిమంతులు సైతము ఒకదానిస్థానమున ఇంకొకటి వాడుటకు అలవాటు పడియుండిరి. ఒక స్ట్రక్చరు లోని భాగమును సంబంధములేని మరియొక దాని చిరునామాకు తగిలించినను ఆనాటి సి భాష ఊరకుండెడిది. ఒక్క యంత్రముపై చెల్లిన ఈ చొరవ యంత్రము మారగానే ఎదురుతిరిగెను. రిట్చీ నిబంధనలను బిగించెను. జాతి మార్చదలచినవాడు ఆ మాట స్పష్టముగా వ్రాయవలెననెను. అట్లు వ్రాయు పద్ధతికి కాస్టు అని పేరు. పోతపనివారు వాడు మాటయే అది. కరగిన లోహమును పనివాడు ఏ అచ్చులో పోసిన ఆ రూపము వచ్చును, బాధ్యత పోసినవానిదే.

అయినను పాత ప్రోగ్రాములు వేలుగా నున్నవి. వాటి నన్నింటిని త్రోసిపుచ్చుటకు ఆయనకు మనసొప్పలేదు. అప్పుడు జాన్సన్ లింట్ అను వేరొక సాధనమును తయారుచేసెను. బట్టకంటిన దూదిపీచునకు ఇంగ్లీషు పేరది. చట్టసమ్మతమైనను సందేహాస్పదమైన పంక్తులను అది ఏరి చూపును. తనిఖీదారు కొలిమివద్ద నిలువక గేటు వెలుపల కూర్చుండెను. ఇష్టమున్నవాడు అతనికి చూపించుకొని పోవచ్చును, లేనివాడు తిన్నగా పోవచ్చును. ఇష్టము లేనివారి సంఖ్య ఎప్పుడును ఎక్కువయే. రిట్చీ చేసిన ఏర్పాట్లలో మిక్కిలి మర్యాదగలది, మిక్కిలి అమాయకమైనది ఇదేయని తోచును. తన తోటివారివలె అందరును పరీక్షకు తామే వచ్చెదరని ఆయన నమ్మెను.

మనుష్యుడు మృదుస్వభావుడు, మితభాషి. తోటివారు ఆయనను పేరులోని మూడు పొడి అక్షరములతో డీఎంఆర్ అని పిలుచుచుండిరి. యంత్రములో ఆయన ఖాతా పేరదియే. వివాహము చేసికొనలేదు. 1983లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానము ఆయనకును థాంప్సన్‌కును కలిపి ఇచ్చిరి.

ఆ సంవత్సరముననే సి భాషకు జాతీయ ప్రమాణము నిర్ణయించుటకు ఒక సంఘము ఏర్పడెను. రిట్చీ అందులో సభ్యుడు కాడు. తాను కన్న భాషను ఇతరులు దిద్దుచుండగా దూరమునుండి చూచుచుండెను. ఒక్కసారి మాత్రము ఊరకుండలేదు. ఒక గది వస్తువును వేరొక దారిన ఎవరును తాకరని ప్రోగ్రాము వ్రాయువాడు మాట యిచ్చుటకు వీలుగా నోఎలియస్ అను కొత్తమాటను 1988లో సంఘము చేర్పబోయెను. ఆ మాట తప్పినచో యంత్రము చెప్పకయే తప్పుడు ఫలితమిచ్చును. రిట్చీ దానిని ఖండించుచు తీవ్రమైన లేఖ వ్రాసెను. సంఘము దానిని విడిచిపెట్టెను. స్వేచ్ఛనిచ్చిన ఆయనయే ఇక్కడ అడ్డుపడెనేమని ఆశ్చర్యపడనక్కరలేదు. తెలిసి చేయు సాహసమునకు ఆయన అంగీకరించెను. తెలియకుండ పనివాని కాలిక్రింద తీయు నేలకు కాదు.

ఆ యేడే నవంబరు 2వ తేదీ రాత్రి సుద్ద గీతల మూల్యము లోకమునకు తెలిసెను. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు వ్రాసి వదలిన ప్రోగ్రాము ఇంటర్నెట్టుపై యంత్రమునుండి యంత్రమునకు పురుగువలె ప్రాకి, సుమారు 6,000 యంత్రములను క్రుంగదీసెనని నాటి అంచనా. ఆ పురుగు ప్రవేశించిన ద్వారములలో ఒకటి సి భాషలోని గెట్స్ అను సాధనము. వచ్చిన అక్షరములను వచ్చినట్లు వరుస గదులలో నింపుట దాని పని. గదులెన్నో దానికి తెలియదు. అచ్చట నున్నవి 512 గదులు. పురుగు పంపినవి 536 బైట్లు. పొంగిపొరలిన 24 బైట్లు, పని ముగిసిన పిదప యంత్రము ఎక్కడికి తిరిగి పోవలెనో వ్రాసియుంచిన చిరునామాను తుడిచివేసి తమ చిరునామాను వ్రాసెను. ఉత్తరముగా వచ్చినదానిని యంత్రము ఉత్తరువుగా చదివెను. గదిలో నున్నది ఏ జాతిదో గదిని చూచి తెలియదను మొదటి చిక్కే ఇది, పదునెక్కిన రూపములో. ఆ విద్యార్థి తండ్రి ఒకప్పుడు బెల్ లాబ్స్‌లోనే యూనిక్స్‌పై పనిచేసి, అప్పటికి ప్రభుత్వ పక్షమున కంప్యూటరు భద్రతను చూచుచున్నవాడు. కల్పనాకథలో వ్రాసినచో ఎవరును నమ్మరు.

దోషమంతయు రిట్చీదనుట న్యాయము కాదు. పదిమంది నిపుణుల గదిలో పుట్టిన పనిముట్టును లక్షలమంది, అందును తొందరలో నున్నవారు, అపరిచితుల ఉత్తరములు విప్పుటకు వాడిరి. ఆయనకు దోషము లేదనుటయు న్యాయము కాదు. వరుసతో దాని పొడవును పంపక పొదుపు చేసినది ఆయనయే. 1989లో ప్రమాణము వెలువడినపుడు ఒక గొప్ప లోటు తీరెను. ఒక భాగము మరియొక భాగమునకు పంపు వస్తువుల సంఖ్యయు జాతియు సరిపోయినవో లేవో చూచు ఏర్పాటు అందు చేరెను. వరుసల పొడవు సంగతి మాత్రము అట్లే మిగిలెను. 1993లో సి భాషా చరిత్రను తానే వ్రాయుచు రిట్చీ దాని వంకరలను, లోపములను దాచలేదు. చిరునామాలకును వరుసలకును గల ఆ విచిత్ర సంబంధమును ప్రత్యేకించి చర్చించెను. సొంత బిడ్డ గురించి అంత నిష్పక్షపాతముగా వ్రాసిన తండ్రులు అరుదు.

తరువాతి కాలమున ఆయన బెల్ లాబ్స్‌లో వ్యవస్థా పరిశోధన శాఖకు పెద్దయై, ప్లాన్ 9, ఇన్ఫెర్నో అను కొత్త వ్యవస్థల పనిలో పాల్గొనెను. 1999లో అధ్యక్షుడు క్లింటన్ చేతిమీదుగా ఆయనకును థాంప్సన్‌కును జాతీయ సాంకేతిక పతకము లభించెను. 2007లో ఉద్యోగవిరమణ చేసెను. 2011లో జపాన్ బహుమానము ప్రకటింపబడెను; ఆ దేశమున మార్చిలో వచ్చిన భూకంపము కారణముగా దానిని మర్రేహిల్ లోనే అందజేసిరి.

అప్పటికే ఆయన ఆరోగ్యము క్షీణించియుండెను. 2011 అక్టోబరు 12వ తేదీన న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో తాను ఒంటరిగా నివసించు ఇంటిలో మరణించియుండగా కనుగొనిరి. వయస్సు 70 సంవత్సరములు. ఆ నెల 5వ తేదీన ఆపిల్ కంపెనీ స్థాపకుడు స్టీవ్ జాబ్స్ మరణించియుండుటచే పత్రికల పుటలన్నియు ఆయనతోనే నిండియుండెను. జాబ్స్ అమ్మిన యంత్రముల వ్యవస్థ యూనిక్స్ సంతతియే, దాని గర్భభాగము సి భాషయే యని ఆ పుటలు చదివినవారిలో కొద్దిమందికే తెలియును.

ఆయన పోయిన రెండు నెలలకు, 2011 డిసెంబరులో, సి భాషకు కొత్త అంతర్జాతీయ ప్రమాణము వెలువడెను. గెట్స్ అను సాధనమును అందులోనుండి తొలగించిరి. 2014లో ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను భద్రతా సాధనములో హార్ట్‌బ్లీడ్ అని పేరుపొందిన లోపము బయటపడెను. పంపినవాడు చెప్పిన పొడవును నమ్మి, ఒక్కొక్క అడుగునకు 64 వేల బైట్ల వరకు పొరుగు గదులలోని రహస్యములను అప్పగించునది అది. అదియు సి భాషలో వ్రాసినదే. 2022 డిసెంబరులో వెలువడిన లినక్స్ గర్భభాగములో, చీట్లను ఉక్కుపై చెక్కు రస్ట్ అను భాషకు మొదటిసారి చోటిచ్చిరి. 2024లో ప్రకటితమైన సి ప్రమాణము, వస్తువుల జాతిని సరిచూడని పాతకాలపు పద్ధతిని కొట్టివేసినది. రిట్చీ 1972లో సుద్దతో వ్రాసిన గీతలలో కొన్ని ఇప్పటికిని తుడిచి వ్రాయుటకు వీలుగానే యున్నవి.